కొల్లేటి గట్టున సివంగి, బ్రూనో

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ, బుడమేరు తమ్మిలేరు మొదలైన ఏరులు తెచ్చిపోయు నీటినంతటిని తనలో నిలుపుకొని, మిగిలిన దానిని ఉప్పుటేటి మార్గమున సముద్రమునకు విడిచిపెట్టు కొల్లేటి సరస్సు ఒడ్డున, నేల యేదో నీరేదో నిశ్చయించి చెప్పుటకు వీలుకాని నెలలు ప్రతి సంవత్సరమును కొన్ని వచ్చుచుండును. అట్టి సీమలో కాపురముండు మానవుడు తన ఇంటిని మెరకమీద కట్టుకొన్నట్లే, తాటిమ్రానును తొలిచి ఆ లోతులేని నీటికి తగిన దోనెను చేసికొన్నట్లే, తన కుక్కను గూడ తరతరములుగా ఆ నేలకును ఆ నీటికిని ఒదిగినదానినే ఎంచి పెంచుకొనుచు వచ్చినాడు. ఆ కుక్కకు జోనంగి యని పేరు. తెలుగుదేశమున పుట్టి, తెలుగుపేరుతోనే బ్రతుకుచున్న శునకజాతి అది. ఐనను ఈనాడు తెలుగువారిలో పలువురు ఆ పేరు విన్నవారు కారు.

మా లోగిలిలో ఇప్పుడు రెండు శునకములు పెరుగుచున్నవి. ఒకటి ఈ గట్టుననే, ఒక బాతుల కాపరి గుడిసె వెనుక, తన తల్లి త్రవ్వుకొనిన గోతిలో పుట్టిన జోనంగి. దానిని సివంగి యని పిలుచుచున్నాము. రెండవది హైదరాబాదులో నున్న మా పెద్దవాడు, నాలుగవ అంతస్తులోని ఇంట దానిని పెంచుట అసాధ్యమని గ్రహించి, సంక్రాంతికి వచ్చినపుడు మాకు అప్పగించి వెళ్లిన లాబ్రడార్. దాని పేరు బ్రూనో. పాలు పితుకవచ్చు మనిషి, ఆ పేరు నోరు తిరుగక, ‘బూరన్న’ అనును. అది ఆ పేరునకును పలుకును, ప్రేమతో పిలిచినచో ఏ పేరునకైనను పలుకును. సివంగి అట్టిది కాదు. పిలిచినవారెవరో, ఎందులకు పిలిచిరో, పోవలసిన అవసరము నిజముగా కలదో లేదో విచారించుకొనిన పిమ్మటనే అది తన చోటు విడిచి లేచును.

సివంగిని తొలిసారి చూచినవారు దాని దేహమున వెంట్రుకలు కలవా యని సందేహింతురు. కలవు, కాని అవి ఎంత పొట్టివనగా, లేయెండలో అది ప్రక్కకు తిరిగినపుడు చర్మము క్రింద కదలు కండరమును, ప్రక్కటెముకల వరుసయు స్పష్టముగా కాననగును. ఒళ్లంతయు బెల్లపు వన్నె. రొమ్మునను పాదములయందును తెలుపు. నుదుట ఎల్లప్పుడు ముడుతలుండుటచే ఏదో గంభీరమైన విషయమును గూర్చి చింతించుచున్నట్లు కనబడును. చెవులు నిక్కి నిలిచి, కొనలు మాత్రము ముందునకు వ్రాలి యుండును. తోక వీపుమీదికి చుట్టుకొనును. అది మొరుగుట బహు తక్కువ. అపరిచితమైనదేదో పొలిమేరకు వచ్చినదని దానికి తోచినపుడు కంఠమునుండి వెలువడు ధ్వని, సన్నాయి నేర్చుకొను బాలుడు తొలిసారి పీకను పెదవుల నడుమ పెట్టుకొని ఊదినప్పటి స్వరమువలె, సన్నగా మొదలై, మెలికలు తిరిగి, దీర్ఘముగా సాగి, తెగిపోవును. రాత్రివేళ ఆ ధ్వని వినియున్నవారు దానిని మరల మరువజాలరు.

బ్రూనో గోధుమవన్నె కలది. తల వెడల్పు, మెడ దళసరి, చూపు మిక్కిలి మెత్తన. దాని తోక మొదట లావై కొనకు సన్నగిలి, నీటిలో చుక్కానిగా ఉపకరించును. కాలివ్రేళ్ల నడుమ చర్మపు పొర కలదు. వెంట్రుకలు రెండు వరుసలు: పైది బిరుసు, లోపలిది దట్టమై జిడ్డు పట్టి నీటిని చర్మము దాక పోనీయనిది. ఇవన్నియు అలంకారమునకై ఏర్పడినవి కావు. ఉత్తర అమెరికా ఖండమునకు తూర్పుకొనన, మంచుతో కూడిన అట్లాంటిక్ సముద్రమున, న్యూఫౌండ్లాండ్ ద్వీపపు జాలరులు తమ పడవలలో వెంటబెట్టుకొని పోయి, గాలములనుండి జారిన చేపలను, వలల త్రాళ్లను ఈది తెచ్చుటకు వినియోగించుకొనిన ‘సెయింట్ జాన్స్’ నీటికుక్కల సంతతి ఇది. 19వ శతాబ్దమున ఆంగ్ల ప్రభువులు కొందరు వానిని తమ దేశమునకు కొనిపోయి, తుపాకితో కొట్టిన పక్షులను నీటినుండి ఏరి తెచ్చుటకు తరిఫీదు చేసిరి. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ దానిని ప్రత్యేక జాతిగా అంగీకరించినది.

ఈ రెండు కుక్కలను ఒకే అరుగుమీద ప్రక్కప్రక్కన చూచిన ప్రతిసారియు నాకు తోచు విషయమిది. రెండును చేపలు పట్టి బ్రతికిన పేదవారి ఇండ్లలోనే రూపొందినవి. ఒకదానిని చలినీరు తీర్చినది, ఒకదానిని వెచ్చని నీరు తీర్చినది. రెంటికిని బాతుతో సంబంధము కలదు: చచ్చిన బాతును నోట కరచి తెచ్చుట ఒకదాని వృత్తి, బ్రతికియున్న బాతును చెదరకుండ ఇల్లు చేర్చుట మరియొకదాని వృత్తి. స్వభావములలో కనబడు భేదములన్నియు, నేను గమనించినంతవరకు, ఈ ఒక్క భేదమునుండి పుట్టినవే.

మా ఇంట తెల్లవారుట సివంగితో మొదలగును. అది ఇంటిలోపల పండుకొనదు, పండుకొనుమన్నను పండుకొనదు. పశువులపాకకు తూర్పుగా, గడ్డిమేటు నీడలో, తన ఒంటికి సరిపడు గోయి త్రవ్వుకొని అందులో ముడుచుకొని నిద్రించును. వేసవిలో ఆ గోయి లోతగును, వర్షములు పడి చెమ్మ ఊరిననాడు దానిని విడిచి మెరకను మరియొకటి త్రవ్వుకొనును. వేకువనే లేచి ఒళ్లు విరుచుకొని, మొదట పాకను, పిదప పెరటిని, అటుపిమ్మట చేనిగట్టును ప్రదక్షిణము చేసి, ఎవరు వచ్చి పోయిరో నేలను వాసన చూచి తెలిసికొని, గుమ్మమునకు ఎదురుగా కూర్చుండును. అప్పటికి బ్రూనో వంటయింటి గడపను ఆనుకొని, చల్లని గచ్చుమీద నాలుగు కాళ్లు చాచి, గాఢనిద్రలో నుండును. పాలచెంబు మూత చప్పుడైనంతనే ఆ నిద్ర ఏమగునో తెలియదు; కన్ను తెరచుటయు, లేచుటయు, తోకతో వాకిలిని ఊడ్చుటయు ఒక్కక్షణమున జరిగిపోవును.

ఆహార విషయమున వీని తారతమ్యము చెప్పదగినది. బ్రూనోకు ఆకలికిని ఆశకును నడుమ హద్దు లేదు. పెరుగన్నము, చేపతలలు ఉడికించిన నీటిలో కలిపిన రాగిసంకటి, చిలగడదుంప, చెట్టుక్రింద రాలిన మామిడిపండు, ఆవుకు పెట్టిన తవుడు, ఏదైనను దానికి సమానమే. ఇది దుర్గుణమని కోపించుట తగదు. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధకులు లాబ్రడార్ల జన్యువులను పరిశీలించి, వానిలో సుమారు నాలుగవ వంతు కుక్కలకు పి.ఓ.ఎం.సి. అను జన్యువులో కొంతభాగము లోపించి యున్నదనియు, అందుచే కడుపు నిండినదను సంకేతము మెదడునకు సరిగా అందక, తిండిపై ధ్యాస తీరదనియు ప్రకటించిరి. కావున దాని పళ్లెములోనికి ఎంత వేయవలెనో నిశ్చయించుట యజమాని ధర్మము. బరువు పెరిగిన లాబ్రడార్‌కు తుంటికీళ్లు, మోచేతికీళ్లు త్వరగా చెడును. సివంగి, పెట్టినదానిని ఒకసారి వాసన చూచి, సగము తిని, మాంసపు తునక యున్నచో దానిని కొనిపోయి జమ్మిచెట్టు మొదట పాతిపెట్టి, ముక్కుతో మన్ను కప్పి, వెనుకకు తిరిగి చూడకుండ వచ్చివేయును. ఎన్నడు తిండి దొరకునో దొరకదో తెలియని వంశమున పుట్టినదానికి మిగుల్చుకొనుట స్వభావము.

తొంబది దాటిన మా అమ్మ మడి ఆచారముల మనిషి. బ్రూనో వచ్చిననాడు “ఒరేయ్ అబ్బాయ్, గుమ్మం దాటనివ్వకురా దాన్ని” అని ఖండితముగా చెప్పెను. ఐనను మధ్యాహ్నము విస్తరి ముందు కూర్చుండి, తాను నోట ముద్ద పెట్టుకొనుటకు ముందుగా ఒక అన్నపు ముద్దను వేరు చేసి, సివంగికి వేసి రమ్మని నాచేత పంపుట ఆమెకు నియమము. గృహస్థుడు ప్రతిదినమును చేయవలసిన భూతబలిలో శునకమునకును భాగమున్నదని ఆమె తన అత్తవారింట నేర్చుకొన్నది. ఆ ఆచారము పేరు మరచినవారుగూడ పల్లెలలో దానిని నడుపుచునే యున్నారు. ఇప్పుడు ముద్దలు రెండైనవి. సాయంకాలము ఆమె చేతికర్రతో వాకిట పది అడుగులు వేయునపుడు, పరుగెత్తుట తప్ప నడచుట ఎరుగని బ్రూనో, ఎవరు నేర్పిరో గాని, ఆమె అడుగునకు అడుగు కలిపి, ఆమె ఆగినచోట ఆగి, కర్రకు తగులకుండ ప్రక్కగా నడచును. సివంగి ఆ సమయమున దగ్గరకు రాదు. దూరమున నిలిచి, దారిలో దూడగాని సైకిలుగాని అడ్డము వచ్చునేమోయని చూచుచుండును. ఆదరించుటలో రెండు విధములున్నవి, దగ్గరనుండి యొకటి, దూరమునుండి యొకటి. మా అమ్మకు రెండును కావలసియున్నవి.

వీని నిజస్వరూపములు పూర్తిగా బయల్పడునది దాళ్వా కోతలు ముగిసిన పిమ్మట. అప్పుడు చేలలో రాలిన గింజను, నత్తలను, పురుగులను మేపుటకై కాపరులు బాతుల మందలను గట్టునుండి గట్టుకు తోలుకొనివత్తురు. రైతునకు ఇందు నష్టము లేదు. రాలిన ధాన్యము ఎట్లును దక్కదు, బాతురెట్ట మడికి ఎరువగును. రాత్రి అయినంతనే మందను వలతో కట్టిన దొడ్డిలో పెట్టుదురు. బాతు తెల్లవారకమునుపే గ్రుడ్డు పెట్టును గావున, కాపరి మొదట గంపతో దొడ్డి అంతయు తిరిగి గ్రుడ్లు ఏరుకొని, ఎండ పొడిచిన తరువాత మందను విడుచును. ఆ విడుచు ఘడియకు సివంగి గట్టుమీద సిద్ధముగా నుండును. దానికి ఈ విద్యను మేము నేర్పలేదు. దాని తల్లి వెంట నాలుగునెలల పిల్లగా తిరిగినపుడు కన్నది, పుట్టుకతో వచ్చినది, ఈ రెంటినే అది వాడుకొనుచున్నది.

ఒకనాటి ఉదయము కన్నులార చూచినది చెప్పెదను. మంద కాలువ దాటి అవతలి మడిలోనికి పోవలసియున్నది. నడిమిలో ఒక పోతుబాతు, దానివెంట పది పన్నెండు బాతులు విడివడి, తూటికాడ అల్లుకొనిన మలుపువైపు కొట్టుకొనిపోసాగినవి. కాపరి చేతిలోని గుడ్డపీలిక కట్టిన వెదురుగడ అంతదూరము అందదు. సివంగి వానికై తిన్నగా దూకలేదు. గట్టువెంబడి తల వంచి, మెడ చాచి, చప్పుడు చేయక పరుగెత్తి, వానిని దాటి చాలదూరము పోయి, అక్కడ నీటిలోనికి దిగి, ముక్కు నీటిమట్టమునకు ఆనించి ఎదురుగా వచ్చినది. పోతుబాతు దానిని చూచి ఆగెను, సివంగియు ఆగెను. బాతు ఎడమకు తిరుగగా అది ఒక్క అడుగు ఎడమకు జరిగినది, కుడికి తిరుగగా కుడికి జరిగినది. ముందునకు మాత్రము రాలేదు. పోవుటకు వెనుకదారి తప్ప మరియొకటి లేదని బాతులకు తమంత తామే తోచువరకు ఓర్చుకొనినది. అవి వెనుదిరిగి మందలో కలసిన తరువాత గట్టెక్కి, ఒక్క విదిలింపుతో ఒళ్లంతయు ఆరబెట్టుకొని, తన చోటికి పోయి నిలిచినది. ఒక్క బాతును తాకలేదు, ఒక్కసారి నోరు విప్పలేదు.

అంతలో వెనుకనుండి పెద్ద చప్పుడుతో నీరు చిమ్మినది. బ్రూనో, కట్టు విడిపించుకొని పరుగున వచ్చి, మంద నడుమకు దూకినది. బాతులు అరచుచు నలుదెసలకు చెదరినవి. కాపరి తల పట్టుకొనెను. క్షణమాత్రమున అది ఒక పిల్లబాతును నోట కరచుకొని, తల నీటిపైకి ఎత్తి, ఒడ్డుకు ఈదివచ్చి, గట్టెక్కి, నా పాదముల ముందు దానిని మెల్లగా దించి, నా ముఖము వంక చూచి తోక యాడించినది. పిల్లబాతు లేచి నిలిచి, రెక్క దులుపుకొని, నడచిపోయినది. కాపరి దానిని పట్టి, ఈకలు విడదీసి, పొట్టయు మెడయు తడవి చూచి, “మాస్టారండీ, పన్ను దిగలేదండి. ఈక కూడా చెదరలేదు” అని ఆశ్చర్యపడెను. ఆ వెంటనే, తన సీమలో పుట్టినదాని గౌరవము తగ్గరాదను తలపుతో గాబోలు, “మన సివంగైతే నోటితో ముట్టదండి. చూపుతోనే తోలేత్తాదండి” అని చేర్చెను. మెత్తని నోరు లాబ్రడార్‌కు ఆంగ్ల ప్రభువులు ఇచ్చిన విద్య, మెత్తని చూపు జోనంగికి మన కాపరులు ఇచ్చిన విద్య. రెండు విద్యలును ఒకే కాలువలో, ఒకే మందపై, ఆ ఉదయమున నాకు కనబడినవి.

గడ్డిమేటు వద్ద మరియొక సంగతి జరిగినది. పశువులకు మోపు లాగబోవుచుండగా సివంగి నాకు అడ్డముగా నిలిచి, ముందుకాలు ఒకటి పైకెత్తి, గడ్డి అడుగునకు చూచుచు, కదలక యుండెను. కర్రతో గడ్డి తొలగించి చూడగా రక్తపింజర చుట్టుకొని యున్నది. బ్రూనోయు అచ్చటనే యున్నది. అది పామును చూచి ఆడుకొనుటకు వచ్చిన క్రొత్త స్నేహితుడని భ్రమించి ముందునకు ఉరుకబోగా, సివంగి దానివైపు తిరిగి పండ్లు చూపి ఆపినది. నేలను ఎరిగినదానికిని ఎరుగనిదానికిని గల అంతరమిదియే. ఇది బ్రూనో అపరాధము కాదు. దాని పూర్వులు పుట్టిన న్యూఫౌండ్లాండ్ ద్వీపమున నాడు పాములే యుండెడివి కావు.

మన ఎండలు బ్రూనోకు నిజమైన కష్టము. కుక్కకు మనుష్యునివలె ఒళ్లంతయు చెమటపట్టదు. నాలుక చాచి రొప్పుటయే దేహతాపమును తగ్గించుకొను ప్రధానమైన ఉపాయము. రోహిణికార్తెలో, చలిసముద్రమునకై ఏర్పడిన రెండు వరుసల వెంట్రుకలను మోయుచు, అది పడు ఆయాసమును చూచుట హృదయమునకు బాధ. అందుచే పొద్దు పొడువకమునుపును, పొద్దు గ్రుంకిన పిదపను మాత్రమే దానిని వెలుపలికి తీసికొనిపోదుము. పగలు గచ్చుమీద తడిగోనె పరచి, దగ్గర నీళ్లతొట్టి పెట్టుదుము. వర్షకాలము వచ్చిన కష్టము మారును గాని తీరదు: లోపలివరుస తడి ఆరక చర్మము చెమర్చి, పుండ్లు లేచును, నీటినుండి వచ్చిన ప్రతిసారియు తువ్వాలుతో వ్రేళ్లసందుల దాక తుడువవలెను. సివంగికి ఈ సేవలేవియు అవసరము లేదు. అదే జనవరిమాసపు మంచులో అది వణకుచు పొయ్యిగడ్డ చేరును. బ్రూనో మంచుపడిన గడ్డిలో పొర్లి ఆనందించును. ఎవరి ఋతువు వారిది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినపుడు, ఆ నీరు తుదకు కొల్లేటికే చేరి, లంకగ్రామములకు దారులు మునిగినవి. ఆ దినములలో బ్రూనో చేసిన ఉపకారమును ఈ వీధివారు నేటికిని చెప్పుకొందురు. నీటిలో కొట్టుకొనిపోవుచున్న కావడిగిన్నె, చేటలు, ఒకరి ఇంటి పాలకేను, ఏది కనబడిన దానికై ఈదిపోయి నోట పట్టి తెచ్చి గుమ్మమున పెట్టెడిది. సివంగి గడ్డిమేటు ఎక్కి, ఆ ఎత్తునుండి, వరదకు చెదరి వచ్చిన పిల్లికూనలను గాని కోడిని గాని పాకలోనికి రానీయకుండెడిది, మావానిని వెలుపలికి పోనీయకుండెడిది. ఏది మనదో ఏది పరులదో అంత కల్లోలములోను అది మరువలేదు.

ఆరోగ్య విషయమున ఒక అపోహను గట్టిగా ఖండింపవలెను. నాటుకుక్కకు జబ్బులు రావను మాట పల్లెలలో తరచుగా వినబడును. వచ్చును. గోమార్లు రెంటిని సమానముగానే పట్టును, వాని కాటువలన కలుగు జ్వరము రెంటిని సమానముగానే చంపగలదు. చెవుల లోపలను వ్రేళ్లసందులను వారమునకు ఒకమారైన వెదకి తీయవలెను. పిచ్చికుక్క వ్యాధికి జాతిభేదము లేదు. 1885 జూలైలో లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల బాలుడు జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేసి బ్రతికించిననాటినుండి దానికి నివారణ మన చేతులలో నున్నది. లక్షణములు పైకి వచ్చిన పిదప మాత్రము నేటికిని చికిత్స లేనట్లే. పిల్లకు మూడవనెలలో మొదటి టీకా, తరువాత పశువైద్యుడు చెప్పినరీతిగా ఏటేటను మరల వేయింపవలెను. మా మండల పశువైద్యశాలకు నేను రెంటిని ఒకే ఆటోలో తీసికొనిపోదును. బ్రూనో వైద్యుని చేయి నాకును, సివంగి సూదిని చూచి ముఖము త్రిప్పుకొనును, రెండును కరవవు. ఎవరినైనను ఏ కుక్కయైనను కరచినచో గాయమును పదునైదు నిమిషములు సబ్బుతో, పారు నీటితో కడిగి, అదే దినమున ఆసుపత్రికి పోవలెను. పసరు, కారము, సున్నము పూయరాదు.

ఒకదానితో ఒకటి వీని వర్తన ఎట్టిదని చూడవచ్చినవారు అడుగుదురు. ఇంటికి ముందుగా వచ్చినది సివంగి గావున పెత్తనము దానిదే. దేహమున బ్రూనో దానికి రెట్టింపు; ఐనను గుమ్మమునుండి ముందు వెలుపలికి పోవునది సివంగి, పళ్లెము వద్ద ముందు మూతి పెట్టునది సివంగి. ఆడుకొనవలెనని తోచినపుడు బ్రూనో ముందుకాళ్లు నేలకు ఆనించి, వెనుకభాగము పైకెత్తి పిలుచును. సివంగి చాలమారులు చూడనట్లే యుండి, ఉన్నట్టుండి పెరటి చుట్టును వాయువేగమున పరుగు తీసి, అది అందుకొనలేక రొప్పుచు కూలబడినపుడు వచ్చి దాని చెవి నాకును. దీపావళినాడు టపాకాయల ధ్వనికి సివంగి తన గోతిలో దూరును, బ్రూనో నా మంచము క్రింద దూరును. ఒకసారి ధ్వని ఆగినంతలో సివంగి గోతిని విడిచి, ఎన్నడును దాటని గడపను దాటి, మంచము క్రిందికి పోయి దాని ప్రక్కన పండుకొనినది. మా అమ్మ చూచెను, ఏమియు అనలేదు.

నన్ను నొప్పించునది మరియొకటి. ఈ రెంటిని వెంటబెట్టుకొని వీధిలో నడచినపుడు పిల్లలు బ్రూనోను తాకుటకు చేయి చాతురు, సివంగిపై రాయి తీయుదురు. చేతులు అవే. ఒకటి వెలపెట్టి కొన్నది, ఒకటి ఊరక దొరకినది యనుట తప్ప ఈ భేదమునకు వేరు కారణము లేదు. నన్నయభట్టు ఆంధ్రమహాభారతమున ఆదిపర్వపు తొలికథలలో సరమ వృత్తాంతము కలదు: జనమేజయుని తమ్ములు నిరపరాధియైన దాని బిడ్డను కొట్టగా, ఆ దేవశునకము రాజు ఎదుటికి వచ్చి నిలిచి, యుక్తాయుక్తములు విచారింపక దుర్బలులకు అపకారము చేయువారికి అనుకొనని భయములు వచ్చునని చెప్పి పోయినది. అంతటి ఇతిహాసము ఒక కుక్కపిల్లకు జరిగిన అన్యాయమును ముందుంచి సాగినది. కర్ణాటకమున ఆతకూరులో, క్రీ.శ. 949 ప్రాంతమున, అడవిపందితో పోరి తానును మరణించిన ‘కాళి’ యను కుక్కకు వీరశిల నెత్తించి శాసనము చెక్కించిరి. మన పూర్వులకు నాటుకుక్క చులకన యైనది కాదు.

జోనంగి చులకనయగుటకు ముఖ్యకారణము దాని పని పోవుటయే. గత శతాబ్దపు చివరి దశాబ్దములలో కొల్లేటి చుట్టును వరిచేలు చేపలచెరువులుగా మారినవి. బాతుల మేతకు నేల తగ్గినది. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించుటయు, 2002లో రామ్సర్ ఒడంబడికలో చేర్చుటయు, 2006లో అక్రమముగా వేసిన చెరువుల గట్లను తెగగొట్టుటయు జరిగినవి. గూడబాతులకును, ఎర్రకాళ్ల కొంగలకును రక్షణ చట్టమున వ్రాయబడినది, అందులకు సంతోషింపవలసినదే. ఆ నీటినే నమ్మిన కుక్క సంగతి మాత్రము ఎవరికిని తట్టలేదు. బాతులు తరిగిన గ్రామములలో జోనంగి వీధిపాలై, వీధికుక్కలతో కలసి, రెండు మూడు తరములలో తన రూపమును పోగొట్టుకొనుచున్నది. 2005 జనవరిలో తపాలాశాఖ స్వదేశ శునకములపై నాలుగు బిళ్లలు విడుదల చేసినపుడు హిమాలయపు గొర్రెకుక్కకు, రాంపూరు, ముధోల్, రాజపాళయం జాగిలములకు చోటు దొరకినది. కర్నాలులోని జాతీయ పశుజన్యు వనరుల సంస్థ రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ జాతులను తన పట్టికలో నమోదు చేసినది. తమిళులును కన్నడిగులును తమ జాగిలములను తమవని చెప్పుకొన్నందులకే ఆ గౌరవము దక్కినది. మనము చెప్పుకొనవలసి యున్నది.

బ్రూనో వంశచరిత్రలోనే మనకొక హెచ్చరిక కలదు. లాబ్రడార్‌కు మూలమైన ఆ సెయింట్ జాన్స్ నీటికుక్క, తాను పుట్టిన జాలరి పల్లెలలోనే, గత శతాబ్దము ముగియకమునుపే అంతరించినది; నేడు ప్రపంచమున ఎచ్చటను లేదు. దాని సంతతి లక్షలుగా వర్ధిల్లుచున్నను, ఆ మూలరూపమును మరల తెచ్చుట ఎవరి తరమును కాదు.

కావున చదువరులకు నా విన్నపము. లాబ్రడార్‌ను పెంచుచున్నవారు దానిని ప్రాణముగా చూచుకొనుడు. అది అందులకు అర్హమైనది. క్రొత్తగా కుక్కను తెచ్చుకొనదలచినవారు, వాకిలియు చెట్టునీడయు తిరుగుటకు నేలయు ఉన్నవారు, ఏలూరు, కైకలూరు, ఆకివీడు వైపు బాతుల కాపరులను విచారింపుడు. మంచి జోనంగి ఈనినదని తెలిసినచో, పిల్లలకు రెండునెలలు నిండి తల్లిపాలు మానువరకు ఆగి, ఒకదానిని తెచ్చుకొనుడు. టీకాలు వేయింపుడు, గొలుసుతో కట్టివేయకుడు, గోయి త్రవ్వుకొన్నచో త్రవ్వుకొననిండు. దానితోపాటు ఆ కాపరికి నాలుగు రూపాయలు ఇచ్చి, తరువాతి ఈతకును తల్లిని మంచి జోనంగి పోతుతోనే కలుపుమని చెప్పి రండు. మా సివంగి ఈ చిత్తకార్తెకు చూలు కట్టినచో పుష్యమాసమునకు పిల్లలుండును. కావలసినవారు వచ్చి చూచి తీసికొనిపోవచ్చును. వెల ఏమియు లేదు.